పెడల్ కింది వణుకు

అయినా, లోపం దొరికితే మనసుకు ఎంత నెమ్మదిగా ఉంటుందో బాగుచేసేవాడికి తప్ప ఇంకెవరికీ తెలియదు. తెగిన వైరో, అరిగిన బేరింగో, కారుతున్న వాషరో, ఏదో ఒకటి కంటికి కనబడితే చాలు. జరిగినదంతా వచ్చి దాని దగ్గర ఆగుతుంది. ఇదుగో దీనివల్ల, అని వేలు పెట్టి చూపించవచ్చు. ఏ లోపమూ లేని బండి ముందు కూర్చున్నప్పుడు ఆ వేలు ఎటు తిప్పాలో తెలియదు. రెండు వేల ఏడు జూన్ నెలాఖరులో ఒక మధ్యాహ్నం, కొత్తగూడెంలో మా షెడ్డు రేకుల మీద వాన కొడుతుండగా, నేను అట్లా కూర్చుని ఉన్నాను. నా ముందు జాకీల మీద నిలబెట్టిన తెల్ల బండి. దానికి అవతల ముక్కాలి పీట మీద మా నాన్న షాలేమ్‌రాజు.

ఆ బండి ములకలపల్లి అవతల, అడవి అంచున ఉన్న ఒక చిన్న క్రైస్తవ మిషనరీ దవాఖానాది. ఆ మార్చిలో హైదరాబాదు డాక్టరొకాయన తను వాడిన బండిని వాళ్ళకు దానమిచ్చాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు బొగ్గు గనుల కంపెనీలో జీపు తోలి రిటైరైన నాన్న ఆ దవాఖానాకు డ్రైవరు. వారం కిందట, మొదటి పెద్దవానలో, అడవి మలుపు దగ్గర సీతయ్య అనే గిరిజన రైతు నాగలి భుజాన వేసుకుని రోడ్డు దాటుతుంటే బండి ఆగలేదు. సీతయ్య కుడికాలు మోకాలి కింద విరిగింది. నాన్నే అతన్ని ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టి కొత్తగూడెం పెద్దాసుపత్రికి తెచ్చాడు. దారి పొడవునా రెండో గేరు దాటలేదట.

"మళ్ళ ఒకసారి చెప్పు నాయినా. తొక్కినంక ఏమయింది?"

"ఎన్నిసార్లు చెప్పాలెరా. తొక్కిన. కాలు కింద గడగడ కొట్టింది. గేదె తన్నినట్టు తన్నింది. బ్రేకు పోతుందనుకున్న."

"తర్వాత?"

"తర్వాతేంది. ఆగలే. గంతే."

ఆ బండికి ఏబీఎస్ ఉంది. తడిరోడ్డు మీద గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోయి జారకుండా ఆ యంత్రం తనంతట తానే బ్రేకును పట్టి వదులుతుంది, ఒక్క క్షణంలో ఎన్నోసార్లు. చక్రం ఎంత వేగంగా తిరుగుతున్నదో దానికి చెప్పడానికి ప్రతి చక్రం దగ్గరా ఒక సెన్సర్ ఉంటుంది. యంత్రం పనిచేస్తున్నంతసేపూ పెడల్ కాలికింద వణుకుతుంది. అది దాని స్వభావం. విజయవాడలో మూడు నెలల ట్రైనింగులో నేర్చుకున్నాను.

పొద్దున్నే బండిని ఒక్కణ్ణే తీసుకువెళ్ళి తడిరోడ్డు మీద తొక్కి చూశాను. వణికింది, తిన్నగా ఆగింది. షెడ్డుకు తెచ్చి, డాష్‌బోర్డు కింద రెండు పిన్నులను వైరు ముక్కతో కలిపి, ఏబీఎస్ లైటు ఎన్నిసార్లు ఆరి వెలుగుతుందో లెక్కపెట్టాను. లోపం ఉంటే ఆ లెక్కలో అంకె వస్తుంది. మూడుసార్లు చూశాను. ఏ అంకే రాలేదు. తర్వాత ఒక్కొక్క సెన్సరుకూ మీటరు పెట్టాను.

"తిప్పు నాయినా."

"తిప్పుతున్న."

"ఇంకొంచెం జోరుగ."

నాన్న రెండు చేతులతో చక్రం తిప్పుతున్నాడు. మీటరులో అంకెలు పెరిగి, చక్రం నెమ్మదించేకొద్దీ తగ్గుతున్నాయి. నాలుగు చక్రాలకూ అంతే. నాలుగూ నిజమే చెబుతున్నాయి. వణికినప్పుడు నీ కాలు ఏం చేసింది, అనే ప్రశ్న నా నోటి దాకా వచ్చింది. దాన్ని అడగకుండా ప్యాడ్లు విప్పి చూశాను. ఆయిలు చూశాను. చూసిందే మళ్ళీ చూశాను.

నాన్న పీట మీదికి వెళ్ళి కూర్చున్నాడు. "క్రిస్టఫా," అన్నాడు. "మిషన్‌దైతే మిషన్‌ది అని చెప్పు. నాదైతే నాది అని చెప్పు. నాదైతే రేపే తాళం తీస్కపోయి ఫ్లోరెన్స్ సిస్టర్ చేతిల పెడ్త." ఫ్లోరెన్స్ ఆ దవాఖానాను నడిపే నర్సు. "నాకు మొహమాటం లేదు. నువ్వు పెట్టుకోకు."

అప్పుడే అమ్మ టిఫిను డబ్బా పట్టుకుని గొడుగు మూస్తూ లోపలికి వచ్చింది. మా అమ్మ జోజమ్మ మాట్లాడటానికి ముందు మనుషుల ముఖాలు చూస్తుంది. ఇద్దరి ముఖాలూ చూసి నా దగ్గరకు వచ్చి గొంతు తగ్గించింది.

"దొరికిందా బిడ్డా?"

"చూస్తున్ననే."

"జల్దీ చూడు. వారం దినాల సంది ముద్ద దిగుతలేదు ఆయనకు. రాత్రి లేచి కూసుని కాలు దిక్కు చూసుకుంటుండు. కాలు దిక్కు చూసుడేందిరా?"

నేను వంగి, ముందు ఎడమ చక్రం సెన్సరు బోల్టు విప్పాను. అది వేలెడంత ముక్క. దాని మూతిలో అయస్కాంతం ఉంటుంది కాబట్టి ఎప్పుడూ కొంచెం ఇనుప రజను పట్టుకుని ఉంటుంది. బ్రేకు డిస్కుల నుంచి రాలిన రజను, నల్లగా, చీమ మీసాల్లా నిక్కి ఉంటుంది. ఏ బండిలో తీసినా ఉంటుంది. దానివల్ల ఏమీ కాదు. అది నాకు తెలుసు.

"ఇదుగో," అన్నాను.

నాన్న లేచి వచ్చాడు. దాన్ని అరచేతిలో వేసుకుని వెలుతురులోకి తీసుకువెళ్ళి, కళ్ళజోడు పైకి జరిపి చూశాడు.

"గింత దానికా?"

"గింత దానికే. రజను పడితే చక్రం సంగతి సరిగ చెప్పది. మిషన్ గందరగోళం పడ్తది."

రజనును గోటితో గీకి చూసి, సెన్సరును నా చేతిలో పెట్టాడు. అమ్మ డబ్బా మూత తీస్తూ, "నేను ముందే చెప్పలే?" అన్నది ఎవరితోనో. నేను పెట్రోలు గుడ్డతో సెన్సరును శుభ్రంగా తుడిచాను. అంత శ్రద్ధగా నేను అంతకుముందు ఏదీ తుడవలేదు. ఆ రోజు నాన్న నా పీట మీదే కూర్చుని డబ్బా మొత్తం తిన్నాడు.

*

తర్వాతి ఆదివారం ఇద్దరం సీతయ్యను చూడటానికి వెళ్ళాం. వార్డులో కిటికీ పక్క మంచం. కాలు పిండికట్టుతో పైకి వేలాడదీసి ఉంది. అతని భార్య జంపక్క కింద చాప మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేచి, మంచం చివర నాన్నకు చోటు చేసింది. నాన్న కూర్చోలేదు.

"డ్రైవరు సారు, మీ బండికన్న మా ఎడ్లు నయం," అన్నాడు సీతయ్య. "ఓహో అంటే ఆగుతయ్."

"నాట్లెట్ల మరి?" అన్నాడు నాన్న.

"మా తమ్ముడు దున్నుతుండు. వాడు దున్నితే సాళ్ళు పాము పోయినట్టుంటయ్. చూడకుంట ఈడ పండుకునుడే మంచిగైంది."

నాన్న చేతులు కట్టుకుని నిలబడి, గొంతు సవరించుకున్నాడు. ఆయన ఇంట్లో ఆ మాటలు కూర్చుకుని వచ్చాడని నాకు అప్పుడు అర్థమైంది.

"సీతయ్యా, బండి మిషన్ల ఖరాబుండె. మా పిలగాడు చూసిండు, ఇనుప రజను పట్టిందట. నా కాలు సరిగనే తొక్కింది. అది నీకు చెప్పాలె గద. అందుకే వచ్చిన."

"అవ్ సారు. నేను చూసిన గద," అన్నాడు సీతయ్య. "బండి తలకాయ ఊపుకుంట వచ్చింది. కిందికి, మీదికి. కిందికి, మీదికి. వస్తున్న, వస్తున్న అన్నట్టు. నాకు నవ్వు గూడ వచ్చింది. గంతలనే మీదికొచ్చె."

జంపక్క వాళ్ళ భాషలో ఏదో అన్నది. సీతయ్య నవ్వాడు. నాన్న కూడా, ఆ వారంలో మొదటిసారి, కొంచెం నవ్వాడు.

"ఇప్పుడు మంచిగయిందా సారు?" అని జంపక్క తెలుగులోకి వచ్చింది.

"అయింది. పిలగాడు తుడిచిండు."

"అయితే మా కోడలు లాలిని దాంట్లనే తేవాలె మీరు. వచ్చే నెలల కాన్పు. వాగులు పొంగితే ఆటోలు రావు."

"నేనే తెస్త," అన్నాడు నాన్న. "ఎప్పుడైన సరే. కబురు పంపు."

నా చేతిలో బత్తాయిల సంచి ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు పట్టుకునే నిలబడ్డాను.

బ్రేకు తొక్కిపట్టి ఉంచితే బండి ముందుభాగం ఒక్కసారి కిందికి వంగుతుంది, ఆగేదాకా అట్లాగే వంగి ఉంటుంది. కిందికీ మీదికీ ఊగాలంటే కాలు ఎత్తాలి. ఎత్తి మళ్ళీ తొక్కాలి. మళ్ళీ ఎత్తాలి. కంపెనీ గనుల దారుల్లో, బొగ్గుబురద మీద, జీపు జారకుండా ఆపడానికి అదొక్కటే ఉపాయం. తొక్కు, వదులు, తొక్కు, వదులు. పంపింగ్ కొట్టడమంటే అదే. ఒకేసారి తొక్కిపట్టేవాడు డ్రైవరు కాడని నాన్న అనేవాడు. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు నేర్పాడు కూడా. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయన కాలు ఆ పని చేసి మనుషుల్ని కాపాడింది. ఇప్పుడు ఆ పనిని యంత్రం చేస్తున్నది. ఆ వణుకు అదే. యంత్రం పట్టబోయినప్పుడల్లా ఆయన కాలు ఎత్తి దాని చేతిలోంచి లాక్కున్నాడు. ఆ లోపల బండి సీతయ్య దాకా వచ్చింది.

*

జూలై అంతా వానే. నాన్న మళ్ళీ డ్యూటీకి వెళుతున్నాడు. తెల్లవారకముందే లేచి, బండి అద్దాలు తుడిచి, అమ్మ ఇచ్చిన చాయ్ నిలబడే తాగి బయలుదేరుతున్నాడు. అమ్మకు నా మీద కొత్త గౌరవం వచ్చింది. పక్కింటి సైదమ్మత్తతో, "మావోడు చూడకపోతే ఆయన మంచం పట్టేటోడు" అంటుంటే గోడ ఇవతలి నుంచి విన్నాను.

నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకు నేను రకరకాలుగా చెప్పుకున్నాను. వయసు మీద పడింది, తట్టుకోలేడు. సీతయ్య కాలు అతుక్కుంటుంది, అంతటితో సరిపోతుంది. జాగ్రత్తగా తోలుతున్నాడు, మళ్ళీ గట్టిగా తొక్కే అవసరమే రాకపోవచ్చు. వీటిలో ఏదీ నిజం కాదు. నిజం దగ్గరకు వెళ్ళినప్పుడల్లా నా ఆలోచన షెడ్డులో ఏదో ఒక పని వెతుక్కునేది.

నిజం మార్చి నెలలో ఉంది. బండి వచ్చిన రోజు సాయంత్రం, నాన్న దాని చుట్టూ తిరిగి చూస్తుంటే, ఏబీఎస్ అన్న అక్షరాలు చూసి నాకు ఆ మాట గుర్తుకొచ్చింది. నాయినా, దీనికి పంపింగ్ కొట్టొద్దు, తొక్కిపట్టి ఉంచాలె. ఇంతే వాక్యం. నాలుక మీద ఉన్నది. ఆయన అప్పుడే సీట్లో కూర్చుని పెడల్‌ను రెండుసార్లు తొక్కి చూసి, "మంచిగుంది" అన్నాడు. బ్రేకు గురించి ఆయనకు ఎవరూ ఏమీ చెప్పగా నేను వినలేదు. మా ఇద్దరి మధ్య బండ్ల గురించి తప్ప మాటలు లేవు. ఆ మాటల్లోనూ చెప్పేవాడు ఆయన, వినేవాణ్ణి నేను. ఆ వరస తప్పించడానికి ఒక్క వాక్యం కావాలి. అది నేను మింగేశాను. సీతయ్య కాలు విరిగేదాకా అది నా కడుపులోనే ఉంది. విరిగిన తర్వాత కూడా.

సాయంత్రాలు షెడ్డు మూసేశాక కూడా ఇంటికి వెళ్ళబుద్ధయ్యేది కాదు. ములకలపల్లి వైపు నుంచి ఏ బండి హారను వినిపించినా తల ఎత్తి చూసేవాణ్ణి. వెనక సీట్లో ఎవరుంటారు? జ్వరం పిల్ల, పాము కరిచినవాడు, నిండు నెలల ఆడమనిషి. వాళ్ళు ఆయన్ను నమ్మి కూర్చుంటారు. ఆయన నన్ను నమ్మి తోలుతాడు. నేను తుడిచిన సెన్సరును నమ్మి.

ఆగస్టు మొదటి వారంలో ఒకరోజు మధ్యాహ్నం నాన్న బండిని షెడ్డు ముందు ఆపి, ఇంజను ఆపకుండానే దిగాడు.

"జర ఆ సెన్సరు తియ్యిరా. మళ్ళ రజను పట్టినట్టుంది."

"ఏమయింది?"

"నిన్న కల్వర్టు కాడ మేకలు అడ్డమొచ్చినయ్. తొక్కిన. మళ్ళ తన్నింది, అప్పటి లెక్కనే. మేకలే తప్పుకున్నయ్, పాపం." ఆయన కంగారుగా ఏమీ లేడు. రోగం ఏమిటో తెలిసినవాడు మందుకోసం వచ్చినట్టు వచ్చాడు. "జంపక్క కబురు పంపింది. లాలికి రేపో ఎల్లుండో అంటున్నరు. అందుకే ఇయ్యాల్నే తుడుస్తవేమోనని."

నేను జాకీ తెచ్చి పెట్టాను. చక్రం విప్పాను. సెన్సరు తీశాను. మూతికి అంతే రజను, ఎప్పుడూ ఉండేదే. పెట్రోలు గుడ్డ చేతిలోకి తీసుకున్నాను. నాన్న నా వెనక నిలబడి, నా పనికి తను అడ్డం రాకుండా, వర్షం ఎప్పుడు తగ్గుతుందో అంటున్నాడు. తుడవడానికి అర నిమిషం పడుతుంది. తుడిచేస్తే ఆయన వెళ్ళిపోతాడు. రేపు లాలిని ఎక్కించుకుంటాడు.

తుడవకుండానే దాన్ని తిరిగి బిగించాను. చక్రం ఎక్కించి, చేతులు కడుక్కుని, పక్క సీటు తలుపు తీసి కూర్చున్నాను.

"పా నాయినా. ఒక రౌండు కొట్టొద్దాం."

*

ఊరి బయట కంపెనీ వదిలేసిన పాత లారీల దారి ఒకటి ఉంది. అటూ ఇటూ జిల్లేళ్ళు, నడుమ నల్లగా తడిసిన రోడ్డు. మనిషి అలికిడి లేదు. సన్నగా జల్లు పడుతున్నది.

"నలభై మీద పోనీ. నేను అన్నప్పుడు మేక అడ్డమొచ్చిందనుకో."

"సరే."

"ఇప్పుడు."

ఆయన తొక్కాడు. కింద గడగడమన్నది. మరుక్షణమే ఆయన కాలు లేచింది, తొక్కింది, లేచింది, తొక్కింది. మా ఇద్దరి తలలూ ముందుకూ వెనక్కూ ఊగాయి. నేను అనుకున్న చోటుకు చాలా దూరం దాటాక బండి ఆగింది.

"చూసినవా? చూసినవా ఎట్ల తన్నుతుందో?" అన్నాడు నాన్న. "ఇంక రజనున్నది దాంట్ల."

"రజను కాదు నాయినా."

వైపరు ఒకసారి అటు పోయి ఇటు వచ్చింది.

"అది తన్నుడు కాదు. అది పంపింగ్. నువ్వు కొట్టే పంపింగే, మిషన్ కొడుతుంది. నీకన్న జల్దీ కొడుతుంది. నువ్వు కాలు ఎత్తితే దానికి పట్టు దొరకది. తొక్కిపట్టి ఉంచాలె. ఆగేదాక."

ఆయన స్టీరింగు మీద నుంచి చేతులు తీయలేదు. ఎదుటి అద్దంలోంచి రోడ్డు వైపు చూస్తున్నాడు.

"సెన్సరు?"

"మంచిదే. అప్పుడు గూడ మంచిదే. నాలుగూ మంచివే."

"రజనని చూపిచ్చినవు గద."

"అవ్."

"ఎందుకు?"

"నువ్వు అన్నం తింటలేవు."

ఆయన ఇంజను ఆపాడు. తాళం తీసి తొడ మీద పెట్టుకున్నాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఆ మలుపును, ఆ వానను, నాగలి భుజాన వేసుకున్న మనిషిని మళ్ళీ చూస్తున్నాడని తెలుస్తున్నది. ఈసారి తన కాలితో సహా.

"మార్చిలనే ఎరుక నాకు," అన్నాను. "బండి వచ్చిన దినం. నీకు చెప్పాలనుకున్న. చెప్పలే."

కోప్పడతాడని ఎదురుచూశాను. కోప్పడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"చెప్పినా ఇనకపోయేటోణ్ణి," అన్నాడు చివరికి. తర్వాత తల తిప్పి నన్ను చూసి, "సీతయ్యతోని అబద్ధం చెప్పిన నేను. జంపక్క ముందట."

"నేను వచ్చి చెప్త."

"నువ్వు రాకు. నా కాలు సంగతి నేనే చెప్పుకుంట." తాళాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు. అది ఫ్లోరెన్స్ సిస్టరుకు ఇచ్చేయాలనే ఆయన ఆలోచిస్తున్నాడు. ఆ సంగతి అడగక్కర్లేదు.

"లాలిని ఎవరు తెస్తరు?" అన్నాను.

ఆయన తాళాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. ఆ వాగుల దారిలో బండి తోలడం నాకు కూడా చేతకాదని, తను తప్ప ఇంకెవరూ లేరని ఆయనకూ తెలుసు. వాగులు అప్పటికే రోడ్ల మీదికి వస్తున్నాయి.

"తాళం పెట్టు నాయినా. నేర్చుకుందాం."

నేర్పిస్తా అనలేకపోయాను. ఆయన తాళం పెట్టాడు.

రెండోసారి కూడా అంతే అయింది. వణుకు మొదలవగానే కాలు లేచింది. మూడోసారి కొంచెంసేపు పట్టాడు, చివర్లో వదిలేశాడు. నాలుగోసారి బండి ఆపి, వంగి తన కుడికాలును, చెప్పు మీద అంటిన ఎర్రమట్టితో సహా, కొత్తగా చూసినట్టు చూశాడు.

"ఇంటలేదురా ఇది," అన్నాడు. "నేను ఉంచుమంటున్న. అది లేస్తుంది."

"ఇంకొక్కసారి."

"అరవై మూడేండ్లు నాకు."

"ఇంకొక్కసారి నాయినా."

రోడ్డు చివరి దాకా పోయి తిప్పుకుని వచ్చాడు. నలభై దాటింది. జిల్లేళ్ళు తడిగా వెనక్కి పోతున్నాయి. నేను నా సీట్లో కొంచెం ఆయన వైపు జరిగాను. బుద్ధి తెలిసినప్పటి నుంచీ నేను మా నాన్నను తాకిన గుర్తు లేదు. జ్వరమొచ్చినా అమ్మే తాకేది.

"ఇప్పుడు," అన్నాను.

ఆయన తొక్కాడు. కింద గడగడమన్నది. నేను చెయ్యి చాపి ఆయన మోకాలి మీద వేశాను. ప్యాంటు గుడ్డ కింద ఎముక వేడిగా ఉంది. అది నా అరచేతిలో లేవబోయింది. నా బరువంతా వేసి కిందికి నొక్కి పట్టుకున్నాను.